ఏడుపులోంచి ఎత్తుకొచ్చిన వరస

మా మేష్టారు ఎత్తుకొచ్చిన ఆ వరసని మొట్టమొదట వాయించింది నేనే. అది ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిందని నాకు తెలియదు. ఎంత బాగుందో అని మురిసిపోతూ, కళ్ళు మూసుకుని మరీ వాయించాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కూర్చున్న క్లారినెట్ ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నేను జీవితమంతా వయొలిన్ పట్టుకుని బతికినదాన్ని. బడిలో ఆడపిల్లలకి సంగీతం చెప్పాను, సాయంత్రాలు నాట్యప్రదర్శనలకి వాయించాను, ఎవరు కొత్త పాట కడుతున్నామని పిలిచినా వెళ్ళాను. ఇప్పుడు పాటలు కట్టే మీ తరంవాళ్ళు గదిలో ఒక్కరే కూర్చుని, కంప్యూటర్‌లో పది వాద్యాలు మోగించుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు, మా రోజుల్లో ఆ వీలుంటే నేనూ అదే చేసేదాన్నేమో. కాకపోతే వాయించే మనుషులు ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏమేం జరగవచ్చో మీకు చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది. అందులో మంచిదీ ఉంటుంది. ఇది మాత్రం నన్ను హడలగొట్టిన సంగతి. అందరూ మర్యాదస్తులే కాబట్టి పేర్లు రాయను.

రాష్ట్రం ఏర్పడ్డాక సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగానికి మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చారు. ఖైరతాబాద్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నేను సుల్తాన్ బజార్‌లో ఒక బడిలో సంగీతం టీచర్ని. బడి వదలగానే అబిడ్స్ వెళ్ళేదాన్ని. అక్కడ పెద్ద తపాలాఫీసు వెనక సందులో, గోవా నుంచి ఏనాడో వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ పియానో పాఠాలు చెప్పేది. మేమంతా ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళం. ఆ పియానోని కదిలించడం ఎవరి తరమూ కాదు గనక మా సాధన ఆవిడ ముందుగదిలోనే జరిగేది. పెద్ద వయసు ఆడమనిషి ఇల్లు కావడంతో మా నాన్నగారు కూడా అడ్డు చెప్పలేదు.

మేష్టారిది మచిలీపట్నం. నాటకాలకి హార్మోనియం వాయించి, సినిమాల్లో సంగీతం చేద్దామని మద్రాసు వెళ్ళి, అక్కడ ఎవరెవరి దగ్గరో సహాయకుడిగా నలిగి, చివరికి హైదరాబాదు చేరిన మనిషి. కాచిగూడ స్టేషనుకెదురుగా లాడ్జిలో ఉండేవారు. నాంపల్లిలో ఒక కళాసంఘం వారు తమ వార్షికోత్సవానికి కొత్తగా ఏదైనా చెయ్యమని అడిగితే, "మాటలు లేని పాట చేస్తానండీ. ఈ ఊరి పాట. ఇక్కడ వినపడేవన్నీ అందులో వినపడాలి," అని ఒప్పుకొచ్చారు. అందుకోసమే మమ్మల్ని పోగుచేశారు. వయొలిన్ నేను, పియానో ఆంటీ, నాంపల్లి నుంచి ఇద్దరు. ఒకాయన కవ్వాలీ పార్టీలో ఢోలక్ వాయించే ఉస్తాద్. రెండో ఆయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఆ ఇద్దరివీ ఒకే గల్లీలో ఇళ్ళు.

మా నలుగురికీ ఒకరి భాష ఒకరికి రాదు. మాటల భాష గురించి కాదు నేను చెప్పేది. మేష్టారు హార్మోనియం మీద ఒక వరస వాయిస్తే నేను సరిగమల్లో రాసుకునేదాన్ని. ఆంటీకి సరిగమలు తెలియవు. నేను నెమ్మదిగా పాడుతుంటే ఆవిడ తన అయిదు గీతల కాగితం మీద చుక్కలు పెట్టుకునేది. ఉస్తాద్‌కి ఏ రాతా అక్కర్లేదు, కళ్ళు మూసుకుని మోకాలి మీద దరువేసి "అచ్ఛా" అనేవాడు. క్లారినెట్ ఆయన గోడకి ఆనుకుని ఊరికే వినేవాడు. రెండోసారో మూడోసారో వాద్యం నోట్లో పెట్టుకునేవాడు, అంతా అక్షరం పొల్లుపోకుండా వచ్చేసేది.

తగాదాలు కూడా ఉండేవి. ఆంటీ రెండు చేతులతో గుత్తులు గుత్తులుగా స్వరాలు మోగిస్తే మేష్టారికి ఊపిరాడేది కాదు.

"నా రాగం చుట్టూ గోడలు కడుతున్నారండీ మీరు!"

"గోడలు కాదు మాస్టర్, కుర్చీ వేస్తున్నాను. మీ రాగం పాపం ఎంతసేపని నిలబడుతుంది?" అనేది ఆంటీ.

మేష్టారు పెద్దగా నవ్వేసి ఆ కుర్చీని ఉండనిచ్చేవారు. ఆయనలో నాకు నచ్చిందే అది. ఎవరి దగ్గర ఏది బాగుంటే అది తీసుకునేవారు. మొదటి భాగం చివర క్లారినెట్ ఆయన తనంతట తానే పై స్థాయి నుంచి కిందికి ఒక జారుడు జారాడు. నేనైతే మేష్టారు కేకలేస్తారనుకున్నాను. ఆయన లేచి వెళ్ళి భుజం తట్టి, "ఇది నీది. ఉంచెయ్. ఎవరైనా అడిగితే నీదని చెప్తాను," అన్నారు. చెప్పారు కూడా, కళాసంఘం కార్యదర్శిని సాధనకి పిలిచి మరీ చెప్పారు. ఆ రోజు నుంచి క్లారినెట్ ఆయన మేష్టారంటే ప్రాణం పెట్టేవాడు.

మొదటి భాగం, చివరి భాగం తయారయ్యాయి. మధ్యలో రావలసిన నెమ్మది భాగం మాత్రం కుదర్లేదు. మేష్టారు ఒక వరస తెచ్చేవారు, మాచేత వాయించేవారు, సగంలోనే చెయ్యూపి ఆపేసేవారు. "అబద్ధంగా ఉందమ్మాయ్," అనేవారు. ఎంతసేపూ అదే మాట.

అలా ఉండగా క్లారినెట్ ఆయన తమ్ముడు చనిపోయాడు. నాంపల్లి స్టేషన్ గూడ్స్ షెడ్డులో హమాలీ. ఇంకా పెళ్ళి కాలేదు. జ్వరమని దవాఖానలో చేర్చారట, మళ్ళీ ఇంటికి శవమే వచ్చింది. కబురు ఉస్తాద్ తెచ్చాడు. సాధన ఆపేసి అందరం వెళ్ళాం.

స్టేషన్ వెనక గల్లీలో పెంకుటిల్లు. మగవాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. నన్నూ ఆంటీనీ ఆడవాళ్ళు లోపలికి తీసుకువెళ్ళారు. నేను వాళ్ళ అమ్మ పక్కనే కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఎవరి చెయ్యో కూడా చూసుకోలేదు. ఆవిడ ఏడుపు మామూలు ఏడుపుగానే మొదలై, కాసేపటికి వరసలో పడింది. కొడుకుని పిలుస్తోంది. వాడికి ఇష్టమైన కూర పేరు చెప్పి పిలుస్తోంది, పండక్కి కుట్టించుకున్న అంగీ రంగు చెప్పి పిలుస్తోంది. ప్రతి పిలుపూ పైకి వెళ్ళి, అక్కడ కాసేపు వణికి, మెట్లు దిగినట్టు దిగి, చివరి మెట్టు మీదికి రాకుండానే తెగిపోతోంది. మా వైపు ఇలా ఏడవడం నేను వినలేదు. తలుపులోంచి చూస్తే మేష్టారు వాకిట్లో వేపకొమ్మల పందిరి రాట పట్టుకుని తల వంచుకుని ఉన్నారు. ఎంతసేపూ తల ఎత్తలేదు. ఈయన మనసు ఎంత మెత్తనిదో అనుకున్నాను.

కర్మకాండ ముగిశాక క్లారినెట్ ఆయన తిరిగి సాధనకి వచ్చాడు. ప్రదర్శన దగ్గర పడింది. "ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది టీచరమ్మా, గీడ జర నయముంటది," అన్నాడు నాతో. ఆ సాయంత్రమే మేష్టారు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. "మధ్య భాగం దొరికిందమ్మాయ్. ముందు నువ్వొక్కదానివే వాయించు. అందరూ విననీ."

కాగితం చూసి వాయించాను. ఒక స్వరం పైకి వెళ్ళింది, అక్కడ వణికింది, మెట్లు మెట్లుగా దిగింది, ఆఖరి మెట్టు మీదికి రాకుండా ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళింది.

"ఆపు టీచరమ్మా."

అప్పుడు కళ్ళు తెరిచాను. క్లారినెట్ ఆయన లేచి నిలబడ్డాడు.

"గిది నీకు ఎవరిచ్చిన్రు?"

నాకేమీ అర్థం కాలేదు. "మేష్టారు," అన్నాను.

ఆయన మేష్టారి వైపు తిరిగాడు. "సార్, గిది ఎక్కడిది?"

మేష్టారు అబద్ధం ఆడలేదు. ఆ మాట ఆయన గురించి నేను ఎప్పుడూ చెప్తాను. హార్మోనియం మీద చేతులు పెట్టుకుని, "మీ ఇంట్లోది," అన్నారు.

"మా అమ్మ ఏడ్పు గిది."

"అవును."

నా చేతిలో వయొలిన్ బరువెక్కిపోయింది. కిందపడేస్తానేమోనని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ ఏడుపు పక్కనే కూర్చున్నదాన్ని నేను, నా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. అదే వరస నా కమానులోంచి వస్తుంటే గుర్తుపట్టకుండా మురిసిపోయాను.

క్లారినెట్ ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "నౌకరీలు తీసుకున్నరు, జాగలు కొన్నరు అని మా గల్లీల మీవోళ్ళని తిడుతుంటరు సార్. మా సార్ గట్లాంటోడు గాదని నేను కొట్లాడిన. ఇగ ఏడ్పు గూడ ఎత్తుకపోతరా?"

ఊళ్ళో అప్పటికే మీవాళ్ళు, మావాళ్ళు అనే మాటలు ముదురుతున్నాయి. మా గదిలోకి ఆ మాట రావడం మాత్రం అదే మొదలు. ఆయన కూర్చుని క్లారినెట్‌ని ఒక్కొక్క ముక్కే విప్పి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. పెట్టె మూసి వెళ్ళిపోయాడు.

మేష్టారు గోడకేసి చూస్తూ మాట్లాడారు. "నేను దొంగతనం చెయ్యలేదండీ. ఆ రోజు నుంచి అది నన్ను వదలడం లేదు. నిద్రలో అదే, స్నానం చేస్తుంటే అదే. దాని పక్కన నేను కట్టినవన్నీ అబద్ధాలే. ఇన్నాళ్ళకి ఒక్క నిజమైన వరస దొరికింది. వదిలెయ్యమంటారా?"

"మా చర్చిలో శవం ముందు పాడే పాటలున్నాయి మాస్టర్," అంది ఆంటీ. "అవి నాకు చాలా ఇష్టం. ఎవరైనా పార్టీలో వాయించమంటే పియానో మూసేస్తాను."

ఉస్తాద్ ఢోలక్ మీద గుడ్డ కప్పి లేచాడు. "సాబ్, ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. మొన్న ఆ జారుడు ఎవరిదని అందరికీ చెప్పిన్రు గదా. ఇది ఎవరిదని చెప్పేటోరు?"

మేష్టారు హార్మోనియం మూసేశారు.

మర్నాడు బడి వదిలే వేళకి మేష్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ తల్లినే అడుగుతానమ్మాయ్. ఆవిడ సరేనంటే ఉంచుతాను, వద్దంటే తీసేస్తాను. వయొలిన్ తీసుకుని నువ్వూ రా. నేనొక్కణ్ణీ వెళ్ళలేను," అన్నారు. నాకూ వెళ్ళాలని లేదు. అయినా వెళ్ళాను.

వాళ్ళ అమ్మ గుమ్మం పక్కన కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. క్లారినెట్ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి ఏమీ అనకుండా తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. అంతా ఆవిడకి ముందే చెప్పేశాడని ఆవిడ చూపులోనే తెలిసింది.

"కూసోన్రి," అంది. కూర్చున్నాం.

మేష్టారు చేతులు జోడించారు. "అమ్మా, ఆ రోజు మీరు ఏడ్చినప్పుడు..."

"ఏడ్సినప్పుడు నేనేమన్ననో నాకు యాదికి లేదు. నీకు యాదున్నదట గద. వాయింపియ్యి, వింట."

మేష్టారు నా వైపు చూశారు. ఆవిడ ముందు, ఆ ఇంట్లో, నేను మళ్ళీ అది వాయించాలి. మొదటిసారి కమాను పెడితే స్వరం పలకనే లేదు. రెండోసారి పలికింది. ఆవిడ బీడీ చుట్టడం ఆపలేదు. ఆకు కత్తిరించడం, పొగాకు వెయ్యడం, చుట్టడం, దారం కట్టడం. వరస పైకెళ్ళి వణికే చోట మాత్రం ఆ వేళ్ళు ఆగాయి. నేను ముగించేదాకా అలాగే ఆగి ఉన్నాయి.

"ఔ, గిట్లనే ఏడ్సి ఉంట," అంది. "మా అమ్మ గూడ మా అన్న సచ్చిపోతే గిట్లనే ఏడ్సింది. మంచిగ యాది వెట్టుకున్నవు బిడ్డా."

మేష్టారి ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. ఏదో చెప్పబోయారు.

"మరి నా కొడుకు పేరేంది? చెప్పు."

మేష్టారు నోరు తెరిచారు.

"గంతసేపు వాని పేరే గద పిలిసిన. పేరు పెట్టే గద ఏడ్సిన. రాగం మొత్తం యాదికున్నది నీకు, ఒంకర టింకరలు గూడ యాదికున్నయి. పేరేంది?"

మేష్టారు నా వైపు చూశారు. నేను చెప్పాలి. లోపల ఆవిడ పక్కన కూర్చున్నది నేను. కూర గుర్తుంది, అంగీ రంగు గుర్తుంది. పేరు కోసం వెతుక్కుంటే నా బుర్రలో ఏమీ లేదు. మాకు అతను ఎప్పుడూ క్లారినెట్ ఆయన తమ్ముడే. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన వైపు ఆశగా చూశాను. ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు, పెదవి కదపలేదు. నా జీవితంలో అంత అవమానం మరెక్కడా పొందలేదు. అక్కడ ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అయినా అంత అవమానం.

"నేను చెప్తననుకుంటున్నరేమో," అంది ఆవిడ. "చెప్పను."

తర్వాత కొడుకు వైపు తిరిగి, "చాయ్ పెట్టు. ఇంటికొచ్చిన్రు," అంది.

ఆ చాయ్ తాగాం. తాగకుండా లేవడం కుదరదు. ఆవిడ మళ్ళీ బీడీలు చుట్టుకుంటోంది.

నాంపల్లి స్టేషను దాకా ఇద్దరం నడిచాం. బయట బెంచీ మీద మేష్టారు కూలబడ్డారు. రైలేదో వచ్చినట్టుంది, మూటలతో జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. "నాకు మాటలు వినిపించలేదమ్మాయ్. నిజంగా వినిపించలేదు. నా చెవికి ఏమైంది?" అన్నారు. ఆయన కళ్ళలో భయం చూశాను. చిన్నప్పటినుంచి ఆ చెవిని నమ్ముకుని బతికిన మనిషి.

మరుసటి సాధనకి క్లారినెట్ ఆయన రాలేదు. మేష్టారు ఆ కాగితాన్ని చింపి, "మధ్య భాగానికి నా దగ్గర ఏమీ లేదు. మీరే చెప్పండి," అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకు ముందు మేమెవరమూ వినలేదు. చివరికి ఆంటీ పియానో ఎడమ చివర ఒక్క లోతు స్వరం నొక్కి, అది ఆరిపోయేదాకా వదిలేసింది. మళ్ళీ నొక్కింది. ఉస్తాద్ ఢోలక్ మీద అరచేత్తో, తలుపు తట్టినంత మెల్లిగా ఒక దెబ్బ వేశాడు. "ఇంతే పెడదాం," అంది ఆంటీ. "ఇంతకన్నా ఎక్కువ మనకి తెలియదు కదా." అదే ఖాయమైంది. క్లారినెట్ ఆయన రాకపోతే ఆయన వంతు నేను వాయించాలని కూడా అనుకున్నాం. ఉస్తాద్ ఈ మార్పు సంగతి ఆయన ఇంట్లో చెప్పి వచ్చాడు. వస్తాడో రాడో మాత్రం చెప్పలేకపోయాడు.

ప్రదర్శన రోజు సాయంత్రం నాంపల్లి హాలు నిండిపోయింది. ఆంటీ కోసం వేదిక మీద హాలువారి పియానోయే ఉంది. ముందు వరసలో కోటులవాళ్ళు, శాలువలవాళ్ళు. మేం తెల్ల బట్టల్లో వేదిక పక్కన నిలబడి ఉన్నాం. ఇంకాసేపట్లో తెర తీస్తారనగా క్లారినెట్ ఆయన వచ్చాడు. ఎర్రకోటు, భుజాల మీద బంగారు జాలర్లు, తలమీద కుచ్చుటోపీ. కాచిగూడలో పెళ్ళి ఊరేగింపు ముగించుకుని తిన్నగా వచ్చేశాడు. కోటు చెమటతో తడిసి ఉంది.

కళాసంఘం కార్యదర్శి అదిరిపడ్డాడు. "ఈ వేషంతో వేదిక మీదికా? పెద్దవాళ్ళున్నారు!"

"ఇలాగే కూర్చుంటాడు," అన్నారు మేష్టారు. "లేదంటే నేనూ కూర్చోను."

క్లారినెట్ ఆయన టోపీ తీసి పక్కన పెట్టి తన చోట కూర్చున్నాడు. మొదటి భాగం ఎప్పటికన్నా బాగా వాయించాడు. ఆ జారుడికి ముందు వరసలో ఎవరో "భేష్" అన్నారు. మధ్య భాగం మొదలైంది. ఆంటీ లోతు స్వరం నొక్కింది. ఆరిపోయింది. ఉస్తాద్ ఒక్క దెబ్బ. మళ్ళీ ఆ స్వరం. హాలులో దగ్గు కూడా లేదు. నేను వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అంతలో క్లారినెట్ ఆయన లేచి నిలబడ్డాడు. వాద్యం నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ ఏడుపే వాయిస్తాడనుకున్నాను.

వాయించింది బరాత్ పాట. పెళ్ళికొడుకు గుర్రం ముందు కుర్రాళ్ళు గెంతులేసే పాట. మోటు పాట, సందులన్నీ దద్దరిల్లే పాట. అంత నిశ్శబ్దంలో ఆ గోల విని హాలంతా ఉలిక్కిపడింది. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. ఎవరో నవ్వారు. ముందు వరసలో శాలువలు కదిలాయి. మేష్టారి చెయ్యి గాలిలో ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

మొదట కదిలింది ఉస్తాద్. ఆ పాట ఆయనకి తెలుసు, ఆ గల్లీలో అందరికీ తెలుసు. ఢోలక్ ఒళ్ళోకి లాక్కుని దరువందుకున్నాడు. ఆంటీ "ఏ శ్రుతి? ఏ శ్రుతి?" అని మెల్లిగా గొణుగుతూ వెతికి వెతికి పట్టుకుంది. నేను మేష్టారిని చూశాను. వాయించు అని ఆయన పెదవులు కదిలాయి. కమాను ఎత్తాను. తల తిప్పి చూద్దును కదా, క్లారినెట్ ఆయన బుగ్గలు పూరించి ఊదుతున్నాడు, ఆ బుగ్గల మీదుగా నీళ్ళు ధారగా కారి ఎర్రకోటు మీద పడుతున్నాయి. అంత సంబరం పాట, అలాంటి ముఖంలోంచి వస్తోంది. ఆ రెండూ కలిపి చూస్తుంటే నాకు దిక్కు తోచలేదు. చెయ్యి మాత్రం వాయిస్తూనే ఉంది.

ఎలా మొదలుపెట్టాడో అలాగే, పాట మధ్యలో ఉన్నట్టుండి ఆపేసి కూర్చున్నాడు. మేష్టారు చెయ్యి దించి, చివరి భాగం అందుకున్నారు.

తెర పడగానే కార్యదర్శి మా మీద విరుచుకుపడ్డాడు. సంఘం పరువు గంగలో కలిసిందన్నాడు. కొందరు పెద్దలు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. మేష్టారు అవేవీ వింటున్నట్టు లేరు. క్లారినెట్ ఆయన దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు.

"ఏమిటయ్యా అది?"

"మా తమ్ముడు దీనికే ఆడేటోడు సార్. బ్యాండుల వానికి పనేం లేదు, ఊకెనే మాతోని వస్తుండె. పెండ్లికొడుకు కన్న ముందల వాడే ఎగురుతుండె. వాడు పొయ్యినంక గీ పాట నేను ముట్టలే. గియ్యాల పెండ్లోళ్ళు ఇదే గావాలన్నరు. నౌకరి గద, వాయించిన. గాడ ఏడ్సుడు నడ్వది. గీడికొచ్చి కూసున్నంక ఆంటీ గట్ల ఒక్కటే గంట కొడుతుంటే, నోట్లకెళ్ళి ఇదే వచ్చింది. నేను అనుకొని చెయ్యలే."

మేష్టారు ఆయన తడికోటు భుజం మీద చెయ్యి వేశారు.

ఆ కళాసంఘం మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఒక పత్రికలో ఎవరో ఆ మధ్య భాగాన్ని అపచారమని రాశారు. ఆ పాటని తర్వాత వేరే చోట్ల ఒకటి రెండుసార్లు వాయించాం, కొన్నాళ్ళకి ఊళ్ళో గొడవలు పెద్దవై సభలు ఆగిపోయాయి. మేష్టారు తిరిగి మద్రాసు వెళ్ళారు. ఆంటీ పోయాక ఆ పియానో ఏమైందో నాకు తెలియదు. క్లారినెట్ ఆయన మాత్రం నా పెళ్ళికి ఎర్రకోటులో వచ్చి, వద్దన్నా వినకుండా ఖైరతాబాద్ వీధంతా మోగించి వెళ్ళాడు.

ప్రదర్శన అయిన మర్నాడు జరిగిన ఒక్కటీ చెప్పి ఆపుతాను. మేష్టారు మళ్ళీ బడి గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. నాకు భయం వేసింది. రాత్రికి రాత్రే ఆ బరాత్ పాట స్వరపరిచి కాగితం తెచ్చారేమోనని చేతులవైపు చూశాను. ఖాళీగానే ఉన్నాయి. ఇద్దరం నాంపల్లిలో బ్యాండు దుకాణానికి వెళ్ళాం. క్లారినెట్ ఆయన బయట బల్ల మీద కూర్చుని ఇత్తడి బాకాలు తోముతున్నాడు.

"నిన్నటిది మన పాటలో ఉంచుకోవచ్చా?" అని అడిగారు మేష్టారు. చిన్న గొంతుతో అడిగారు. "వద్దంటే వద్దు."

ఆయన తోముతున్న బాకా పక్కన పెట్టాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"పాట సంగతి తర్వాత సార్. ముందుగాల చాయ్ తాగుదాం రాన్రి. మా తమ్ముని ముచ్చట చెప్త."

మూలమీది ఇరానీ హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, తమ్ముడి పేరు చెప్పాడు. మేష్టారు ఒకసారి ఆ పేరు పలికారు. నేనూ పలికాను.

"గొప్పోడేం గాదు సార్," అన్నాడు క్లారినెట్ ఆయన, అప్పుడే నవ్వొస్తోంది ఆయనకి. "ఒట్టి అబద్ధాలకోరు. సినిమాకు తీస్కపోత అని మా అమ్మను చార్మినార్ దాకా నడిపిచ్చిండొకసారి. గాడికి పోయినంక ఏమన్నడో తెలుసా?"